జాన్‌బెనే కేసు: ఆ ఉత్తరం రాసిందెవరు?

1996 డిసెంబర్ 26 తెల్లవారుజామున, అమెరికాలోని బౌల్డర్‌లో ఆరేళ్ల జాన్‌బెనే రామ్సే ఇంట్లో రెండున్నర పేజీల బెదిరింపు ఉత్తరం దొరికింది. పాపను ఎత్తుకెళ్లామని, 1,18,000 డాలర్లు ఇవ్వాలని డిమాండ్. కింద 'ఎస్‌బీటీసీ' అని సంతకం. పాప మృతదేహం మాత్రం అదే రోజు ఆ ఇంటి బేస్‌మెంట్‌లోనే కనిపించింది. కాగితం, పెన్ను కూడా ఆ ఇంటివే. అడిగిన మొత్తం తండ్రి అందుకున్న బోనస్‌కు దగ్గరగా ఉంది.

ఇక చూడండి, ఎక్కడ చూసినా చేతిరాత పండితులే! అక్షరం వంపు చూసి తల్లే రాసిందని తేల్చేసినవాళ్లున్నారు. నిపుణులేమో తండ్రి రాయలేదన్నారు. తల్లి విషయంలో అవుననీ గట్టిగా చెప్పలేదు, కాదనీ అనలేదు. ఆ తేడా జనానికి పట్టలేదు. 2008లో డీఎన్‌ఏ ఆధారంగా కుటుంబంపై అనుమానం లేదని డిస్ట్రిక్ట్ అటార్నీ లేఖ ఇచ్చారు. తల్లి 2006లోనే క్యాన్సర్‌తో చనిపోయారు. కేసు ఇంకా తేలలేదు.