కంచె చేను మేసినచో

మన నెత్తుటిలోని తెల్లకణములు రోగక్రిములతో పోరాడు సైన్యమని మీరెరుగుదురు. ఆ సైన్యమే దారితప్పి స్వదేహమును బాధించినచో, కంచె చేను మేసినట్లగును. కొన్ని కీళ్ళవాతములును, పిన్నవయస్సున తరచుగా కనబడు మధుమేహమును అట్టివే.

దేహము తన్ను తాను హింసించుకొనకుండ ఏదో కట్టడి కలదని జర్మనీ పండితుడు పాల్ ఎర్లిఖ్ 20వ శతాబ్దారంభముననే తలచెను. పిదప, రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథి స్వజనద్రోహులగు కణములను పెక్కింటిని ఆదిలోనే తొలగించునని తెలిసెను. కట్టడి యంతయు అదియేనని పలువురు భావించిరి.

జపానుదేశీయుడగు షిమోన్ సకాగుచి అంతటితో తృప్తి చెందలేదు. పుట్టిన మూడవనాడు థైమస్ తీసివేసిన చుంచెలుకలకు స్వదేహపీడ కలుగుచుండెను. ఆరోగ్యముగల ఎలుకల కణములనెక్కించినచో ఆ పీడ రాకుండెను. సైన్యమును అదుపుచేయు కణములు వేరుగా నున్నవని ఆయన 1995లో నిరూపించెను. 2001లో అమెరికాయందు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారు, పుట్టుకతోనే ఇట్టి పీడగల ఒక ఎలుకల వంశములో ఫాక్స్‌పి3 అను జన్యువు చెడియుండుట కనుగొనిరి. ఆ జన్యువే అదుపుకణములను తీర్చుచున్నదని 2003లో తేలెను. మువ్వురును 2025లో నోబెల్ బహుమానము పొందిరి.

ఇందలి ప్రయోజనమేమి? సైన్యమునంతను అణచు మందులు వాడినచో అంటురోగములు సులభముగా సోకును. అందుచే అదుపుకణములను మాత్రమే బలపరచు చికిత్సలు పరీక్షింపబడుచున్నవి. రాచపుండు విషయమున దీనికి విపర్యయము. అది ఆ కణముల చాటుననే దాగుచుండును గనుక, అచ్చట వానిని తగ్గింపవలసియుండును. కావున రోగనిరోధకశక్తిని పెంచెదమని మందులమ్మువారు వచ్చినప్పుడు, సైన్యమును పెంచెదరా, అదుపును పెంచెదరా యని అడుగుట మేలు.