ద్విరూప శిలీంధ్రాలు: ప్రయోగశాలలో గుర్తింపు

ఉష్ణోగ్రతను బట్టి రూపం మార్చుకునే శిలీంధ్రాలను ద్విరూప శిలీంధ్రాలు అంటారు. నేలలోనూ, ప్రయోగశాలలో 25 డిగ్రీల సెల్సియస్ దగ్గరా ఇవి బూజుగా పెరుగుతాయి. 37 డిగ్రీల దగ్గర, అంటే మనిషి ఒంట్లో, ఈస్ట్ కణాలుగా మారతాయి. హిస్టోప్లాస్మా, బ్లాస్టోమైసిస్, పారాకాక్సిడియోయిడిస్, స్పోరోత్రిక్స్, టాలరోమైసిస్ మార్నెఫై ఈ కోవలోవి. కాక్సిడియోయిడిస్ ఒక్కటే ఈస్ట్‌గా కాక, లోపల చిన్న బీజాలు నిండిన గోళాలుగా కనిపిస్తుంది.

కల్చర్ పెరిగేదాకా ఆగకుండా, ముందు కళ్ళె, ఎముక మజ్జ, కణజాలం నమూనాలను మైక్రోస్కోపు కింద చూడాలి. అనుభవమున్న కంటికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది. వెడల్పాటి మొదలుతో ఒకే మొగ్గ తొడిగే పెద్ద కణం బ్లాస్టోమైసిస్‌ది. తల్లి కణం చుట్టూ ఎన్నో మొగ్గలుంటే పారాకాక్సిడియోయిడిస్. స్పోరోత్రిక్స్ కణాలు చుట్ట ఆకారంలో ఉంటాయి గానీ, పుండు నమూనాలో అరుదుగా కంటబడతాయి.

చిక్కంతా హిస్టోప్లాస్మాతోనే. 2–4 మైక్రోమీటర్ల ఈ కణాలు మాక్రోఫేజ్‌ల లోపల కిక్కిరిసి ఉంటాయి. పనామాలో 1905లో వీటిని తొలిసారి చూసిన శామ్యూల్ డార్లింగ్, కాలా అజార్ పరాన్నజీవి లీష్మానియాను పోలిన ప్రోటోజోవా అనుకున్నాడు. ఈ రెంటి మధ్య పొరబడే ప్రమాదం ఇప్పటికీ ఉంది. లీష్మానియాలో ఉండే కైనెటోప్లాస్ట్ హిస్టోప్లాస్మాలో ఉండదు. పైగా సిల్వర్ స్టెయిన్‌లో హిస్టోప్లాస్మా నల్లబడుతుంది, లీష్మానియా రంగు పట్టదు. టాలరోమైసిస్ కూడా దాదాపు ఇంతే ఉంటుంది. అయితే అది మొగ్గ తొడగదు, నడుమ అడ్డగోడ కట్టుకుని రెండుగా విడిపోతుంది.

సబురాడ్ అగర్ మీద హిస్టోప్లాస్మా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. బూజులో ముళ్ళ అంచున్న పెద్ద బీజాలు దాని గుర్తు. కానీ సెపెడోనియం అనే నేల శిలీంధ్రానికీ అలాంటివే ఉంటాయి. అందుకే ఒకప్పుడు రక్తం కలిపిన మాధ్యమంలో 37 డిగ్రీల దగ్గర ఈస్ట్‌గా మార్చి చూపిస్తేనే ఒప్పుకునేవారు. ఆ మార్పు వారాలు పడుతుంది, ఒక్కోసారి అసలు జరగదు. డీఎన్ఏ సీక్వెన్సింగ్, మాల్డీ-టాఫ్ అందుబాటులో ఉన్నచోట దానికోసం ఎదురుచూడనక్కర్లేదు. టాలరోమైసిస్ మాత్రం సులువుగానే మారుతుంది. దాని బూజు అగర్‌లోకి ఎర్రరంగు వదులుతుంది, కానీ ఆ రంగున్న దాని బంధువులు వేరే ఉన్నాయి.

బూజు రూపంలో బీజాలు గాలిలో లేచి సిబ్బంది ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. కాక్సిడియోయిడిస్ వీటిలో అత్యంత ప్రమాదకరం. అనుమానమున్న కల్చర్‌ను పెట్రీ డిష్‌లో కాక మూత బిగించిన గొట్టంలో పెంచాలి. బయోసేఫ్టీ క్యాబినెట్ బయట తెరవకూడదు, స్లైడ్ కల్చర్ జోలికి పోకూడదు.

కాక్సిడియోయిడిస్ అమెరికాలోని అరిజోనా, కాలిఫోర్నియా నేలల్లో ఉంటుంది. మన దేశంలో టాలరోమైసిస్‌కు మణిపూర్, హిస్టోప్లాస్మాకు గంగా మైదానం పేరుపడ్డ చోట్లు. కాబట్టి రోగి ఎక్కడెక్కడ నివసించాడో, ఏ శిలీంధ్రం మీద అనుమానముందో డాక్టర్లు నమూనాతోపాటు పంపే ఫారంలో తప్పక రాయాలి.