తీగకి గుచ్చిన రసీదులు

కిందటి నెల మా పాత టేకు బీరువాకి పాలిష్ పెట్టించడానికి ఒకాయన్ని కుదిర్చాం. ఫోనులోనే బేరం అయింది. "అడ్వాన్సు రెండు వేలు పంపండమ్మా. దాంతోపాటు క్యాన్సిల్ చేసిన చెక్కు ఫొటో కూడా ఒకటి పెట్టండి" అన్నాడు. డబ్బు పుచ్చుకునేవాడు నువ్వు, నా చెక్కు ఫొటో నీకెందుకయ్యా అంటే, "అందరూ పెడతారండీ" అన్నాడు.

మీ చెక్కు పుస్తకం ఒకసారి తీసి చూడండి. మన పేరు, ఖాతా నంబరు, ఏ బ్యాంకు, ఏ శాఖ, అన్నీ దాని మీదే ఉంటాయి. సంతకం కూడా పెట్టామా, ఇక దాచడానికేమీ మిగలదు. నేను పెట్టనన్నాను. మావారు నవ్వి, "రెండు వేలకి ఇంత అనుమానమా? అచ్చం మీ అమ్మమ్మవే" అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారు గానీ, నాకు మాత్రం ఒళ్ళు పొంగింది.

తాతయ్య పోయేనాటికి మా అమ్మమ్మకి ముప్ఫై రెండేళ్ళు. ముగ్గురు పిల్లలు, రెండెకరాల మాగాణి. ఆ మాగాణి కొన్నప్పుడు తాతయ్య తన దాయాది దగ్గర ప్రోనోటు రాసి అప్పు తెచ్చారట. అమ్మమ్మ మొదటి వాయిదా తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆయన, "ఎప్పుడిచ్చావమ్మాయ్? నాకు గుర్తు లేదే!" అన్నారు. ఆ రాత్రి ఆవిడకి కంటిమీద కునుకు లేదు. ఆ పొలం పోతే పిల్లలకి అన్నం లేదు మరి.

ఆ తరవాత ఆవిడ ఆయన చేతికి పైసా ఇవ్వలేదు. అలాగని ఎగ్గొట్టనూ లేదు. పంట డబ్బు రాగానే పోస్టాఫీసుకి వెళ్ళి మనియార్డరు కట్టేది. పక్క వీధిలో ఉన్న మనిషికి! ఊళ్ళో అందరూ నవ్వారు. "కమిషను దండగ కాదటే?" అన్నారు తోడికోడళ్ళు. అమ్మమ్మ బదులు చెప్పలేదు.

ఎదుటివాడి మీద నమ్మకం లేకపోయినా ఇవ్వాల్సింది ఇవ్వక తప్పని అవస్థ అమ్మమ్మతో మొదలైంది కాదు. హుండీ అనగానే మనకి గుళ్ళో ముడుపులు వేసే హుండీయే గుర్తొస్తుంది. కానీ పూర్వం షావుకార్లకి హుండీ అంటే ఒక చీటీ. ఒక ఊరి షావుకారు మరో ఊరి షావుకారుకి, ఫలానా మొత్తం చెల్లించమని రాసే చీటీ. వాటిలో షాజోగ్ హుండీ అని ఒకటుండేది. దాన్ని దారినపోయే దానయ్య తెస్తే డబ్బిచ్చేవారు కాదు. బజారులో పరువున్న ఒక 'షా' ద్వారానే చెల్లింపు. చీటీ దొంగదని తేలితే ఆ షా జవాబు చెప్పుకోవాలి. జోఖమీ హుండీ అని ఇంకొకటి. జోఖం అంటే ముప్పు. సరుకు క్షేమంగా చేరితేనే దానికి డబ్బు. దారిలో మునిగిపోతే చెల్లించనక్కర్లేదు. ఎంత ముందుచూపో చూడండి!

1861 చట్టం తరవాత ప్రభుత్వమే కరెన్సీ నోట్లు వేయడం మొదలుపెట్టింది. వాటిని టపాలో పంపాలంటే దారిలో ఎవరు కాజేస్తారోనని భయం. అందుకని నోటుని మధ్యకి కత్తిరించి ముందు ఒక సగం పంపేవారు. అది చేరిందని జవాబొచ్చాక రెండో సగం. ఒక్క సగం దొరికిన దొంగకి అది చిత్తుకాగితమే.

1877 లో మన తపాలాశాఖ వి.పి.పి. పద్ధతి పెట్టింది. పార్సెలు ఇంటికొచ్చాక పోస్ట్‌మాన్‌కి డబ్బు కడతాం, ఆ డబ్బు అమ్మినవాడికి చేరుతుంది. పుస్తకాలు అలా తెప్పించుకున్నవాళ్ళు మన పెద్దల్లో ఎంతమందో! కానీ ఇందులో ఒక మెలిక ఉంది. డబ్బు కట్టాకే పార్సెలు విప్పాలి. చీరకి బదులు చింకిగుడ్డ ఉంటే ఏం చేస్తాం? అమ్మేవాడి డబ్బుకి ధీమా ఉంది గానీ, కొనేవాడి సరుక్కి లేదు.

ఆ తరవాత 1880 లో పోస్టాఫీసు మనియార్డరు వచ్చింది. అమ్మమ్మ అస్త్రం ఇదే. డబ్బు కట్టేవాళ్ళకి ఏ ఖాతా అక్కర్లేదు. పోస్ట్‌మాన్ నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, పుచ్చుకున్నట్టు సంతకం తీసుకుంటాడు. ఆ సంతకం ఉన్న రసీదు ముక్క తిరిగి పంపినవాళ్ళకి చేరుతుంది. పుచ్చుకున్నవాడి సంతకమే మన చేతికొస్తుందన్నమాట. అమ్మమ్మ ఆ ముక్కల్ని ఇనప తీగకి గుచ్చి, దేవుడి గూటి పక్కన మేకుకి తగిలించింది.

బ్యాంకు డ్రాఫ్టు కూడా ఇలాంటిదే. దాన్ని పుచ్చుకున్నవాడికి మన ఖాతా నంబరు తెలియదు. ఒకప్పుడు కొన్నవాళ్ళ పేరు కూడా దాని మీద ఉండేది కాదు. ఆ చాటున దొంగసొమ్ము నడుస్తోందని, 2018 సెప్టెంబరు నుంచి పేరు వేసి తీరాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. దాపరికం మరీ ఎక్కువైనా చేటే.

2015 లో పాత కాగితపు మనియార్డరు కనుమరుగైంది. మరుసటి ఏడాదే ఫోనులో యు.పి.ఐ. వచ్చింది. కూరలబండి దగ్గర కూడా ఇప్పుడదే. అవతలివాడికి మన పేరు, ఆ చెల్లింపు చిరునామా కనిపిస్తాయి గానీ ఖాతా నంబరు కనిపించదు. ఆ చిరునామాలో మన ఫోను నంబరు లేకుండా చూసుకుంటే మరీ మంచిది. మనం డబ్బు పంపడానికే పిన్ను కావాలి, మనకి రావడానికి కాదు. "మీకు డబ్బు వేస్తాను, పిన్ను నొక్కండి" అన్నాడంటే వాడు మన కొంప ముంచడానికొచ్చాడన్నమాటే. అయితే సరుకు వచ్చిందో లేదో యు.పి.ఐ. చూడదు. ఆ జోఖమీ హుండీ తెలివి మాత్రం మనమే తెచ్చుకోవాలి.

అందుకే నేను ఇంటిఖర్చుకని విడిగా పెట్టుకున్న చిన్న ఖాతా నుంచి వెయ్యి పంపి, "మిగతాది పని అయ్యాక. చెక్కు ఫొటో మాత్రం కుదరదు బాబూ" అన్నాను. "సరేనమ్మా" అని ఆదివారం వచ్చాడు. బీరువా అద్దంలా తయారైంది. మనిషి మంచివాడే. నా జాగ్రత్త వల్ల ఆయనకి నష్టమేమీ రాలేదు.

అమ్మమ్మ సంగతి చెప్పనే లేదు కదూ? కొన్నేళ్ళకి ఆ దాయాది కొడుకులు, నాన్న బాకీ ఇంకా ఉందంటూ పెద్దమనుషుల్ని వెంటేసుకుని వచ్చారు. అమ్మమ్మ మాట్లాడకుండా తీగ దింపి అరుగు మీద పెట్టింది. పదకొండు రసీదులు, పదకొండు సంతకాలు. ఆ సాయంత్రమే ప్రోనోటు తిరిగొచ్చింది. ఆ పొలం మీదే మా అమ్మా, మావయ్యలూ చదువుకున్నారు.

ఇంకో మాట. ఆ పదకొండు వాయిదాల కాలంలోనూ వాళ్ళింటి పెళ్ళిళ్ళకి అమ్మమ్మ వెళ్ళింది, వాళ్ళు మా ఇంటి పేరంటాలకి వచ్చారు. ఒక్కనాడూ మాటా మాటా అనుకోలేదు. "అనుమానం మనసులో పెట్టుకుంటే మనుషులు దూరమైపోతారే. అందుకని తీగకి గుచ్చేశాను" అనేది నవ్వుతూ.