దాచుట: రెండర్థాలు



తెలుగులో ‘దాచుట’ అనే క్రియకు రెండర్థాలున్నాయి. భద్రపరచుట ఒకటి, మరుగుపరచుట రెండవది. అమ్మ డబ్బు దాచినప్పుడు మొదటి అర్థం, పిల్లవాడు పగిలిన పలకను దాచినప్పుడు రెండవ అర్థం. ఒక మహావిద్వాంసుని కాగితాల విషయంలో ఈ రెండర్థాలూ ఎదురెదురుగా నిలబడిన వృత్తాంతమిది.

హైన్రిఖ్ షెంకర్ (1868–1935) పాశ్చాత్య సంగీత శాస్త్రవేత్త. గలీషియా ప్రాంతంలో యూదు కుటుంబంలో జన్మించి, వియన్నాలో న్యాయశాస్త్రం చదివి, పియానో పాఠాలు చెప్పుకొంటూ జీవించారు. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్య పదవి లేదు. ఆయన సిద్ధాంతాన్ని మన పద్ధతిలో చెప్పుకోవచ్చు. సీసపద్యానికి అన్వయం చెప్పేటప్పుడు విశేషణాలన్నీ ఒక్కొక్కటిగా విప్పి, చివరకు కర్తనూ క్రియనూ చూపుతాం కదా! బీతోవెన్ వంటివారి కృతి ఎంత విస్తారమైనదైనా, పొరలు విప్పితే అడుగున ఒక సరళమైన స్వరాకృతి కనిపిస్తుందని షెంకర్ నిరూపించబూనారు.

ఈయన 1896 నుండి మరణం వరకు దినచర్య వ్రాశారు. అది 4,000 పుటలకు పైబడింది. ఏ శిష్యునికి ఏ పాఠం చెప్పినదీ, ఎవరికి ఏ ఉత్తరం వ్రాసినదీ, ప్రకాశకులతో తగవులూ, వాతావరణమూ, రేడియో వచ్చిన తరువాత దానిలో విన్న కచేరీలూ అన్నీ అందులో ఉన్నాయి. చాలా సంవత్సరాలు ఆయన చెబుతుంటే లేఖిని పట్టినది జానెట్. 1919లో వారి వివాహం జరిగింది.

భర్త పోయిన మూడేళ్ళకు, 1938లో, ఆస్ట్రియా నాజీల వశమైంది. ఆ సంవత్సరమే ఎర్న్‌స్ట్ ఓస్టర్ అనే యువ పండితుడు కాగితాలలో ఒక భాగాన్ని న్యూయార్క్ చేర్చారు. దినచర్యలూ ఉత్తరాలూ జానెట్ వద్దనే మిగిలాయి. వాటిని ఆమె ఎర్విన్ రాట్జ్ అనే సంగీతజ్ఞునికి అప్పగించారు. ఈ రాట్జ్ షోన్‌బర్గ్ శిష్యుడు. షెంకర్‌కు షోన్‌బర్గ్ మార్గం బొత్తిగా గిట్టేది కాదు. ప్రతిపక్షపు శిష్యుడే ఆ సంపదను కాపాడాడన్నమాట. జానెట్‌ను 1942లో టెరెజీన్‌ష్టాట్ నిర్బంధ శిబిరానికి తరలించారు. 1945 జనవరిలో ఆమె అక్కడే కన్నుమూశారు. దాచుటకు మొదటి అర్థం ఇది.

తరువాత ఆ కాగితాలు షెంకర్ శిష్యుడు ఓస్వాల్డ్ యోనాస్ చేతికి చేరాయి. ఇప్పుడవి కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఓస్టర్ తెచ్చిన భాగం న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో ఉంది.

రెండవ అర్థం కూడా ఈ శిష్యుల నుండే వచ్చింది. షెంకర్ జర్మన్ జాతీయవాది. జాతుల హెచ్చుతగ్గులను గూర్చీ, ఇతర దేశాల ప్రజలను గూర్చీ కటువైన మాటలు వ్రాశారు. 1935లో వెలువడిన ఆయన చివరి గ్రంథానికి యోనాస్ 1956లో రెండవ ముద్రణ సిద్ధం చేసినప్పుడు కొన్ని భాగాలు తొలగించారు. 1979 నాటి ఆంగ్లానువాదంలో అటువంటివి గ్రంథం చివర అనుబంధంలో చేరాయి. గురుభక్తిని తప్పుపట్టలేం. కాని గ్రంథం చేతపట్టినవాడికి సగం షెంకరే కనిపించాడు.

ఈ శతాబ్ది ఆరంభంలో ఇయన్ బెంట్ పూనికతో ఆ లేఖలనూ దినచర్యలనూ అంతర్జాలంలో అందరికీ ఉచితంగా అందించే పని మొదలైంది. విలియం డ్రాబ్కిన్, మార్టిన్ ఐబ్ల్, మార్కో డైజింగర్ మొదలైన పండితులు దేశదేశాల నుండి ఇందులో పాలుపంచుకొన్నారు. పాతకాలపు జర్మన్ గొలుసుకట్టు వ్రాతను చదివి, మూలాన్ని ఒక ప్రక్క, ఆంగ్లానువాదాన్ని మరొక ప్రక్క నిలిపి, ప్రస్తావనకు వచ్చిన వ్యక్తుల పరిచయాలు జోడించారు. తాళపత్రాలతో కుస్తీ పట్టినవారికి ఈ శ్రమ వేరుగా చెప్పనక్కరలేదు.

వారు మింగుడుపడని వాటిని తీసివేయలేదు. 1933 మే నెలలో షెంకర్ ఒక శిష్యునికి వ్రాసిన ఉత్తరంలో, మార్క్సిజాన్ని అణచినందుకు హిట్లర్‌ను మెచ్చుకొన్నారు. వ్రాసినవాడు యూదుడు. ఆ హిట్లర్ పాలనలోనే, తన దినచర్యకు లేఖకురాలైన భార్య శిబిరంలో మరణించబోతున్నదని ఆనాడు ఆయనకేమి తెలుసు! ఆ ఉత్తరం చదివినప్పుడు నేను చాలాసేపు కుర్చీలోనుండి లేవలేకపోయాను. కోపమూ జాలీ ఒక్కసారే కలిగాయి. ఆ ఉత్తరం మరుగున పడి ఉంటే నాకు ఈ రెండూ దక్కేవి కావు; ఒక పటం, దానికొక పూలదండ మాత్రమే దక్కేవి.

2019లో ఫిలిప్ ఇవెల్ అనే ఆచార్యుడు షెంకర్ జాత్యహంకారాన్ని ఆయన సిద్ధాంతం నుండి విడదీసి చూడడం సరికాదని వాదించగా అమెరికాలో పెద్ద దుమారం రేగింది. ఆ వాదం ఒప్పుకొనేవారున్నారు, ఒప్పుకోనివారున్నారు. ఇరుపక్షాలూ చేతికెత్తుకోవడానికి మూలపాఠం అందుబాటులో ఉన్నది. పరిష్కర్త చేయగలిగిన మేలు ఇంతకంటే ఏముంది?

మన పూర్వకవుల విషయంలోనూ, నిన్నమొన్నటి పెద్దల ఉత్తరాల విషయంలోనూ ‘ఇది అచ్చు వేయకపోతేనే మర్యాద’ అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. ఒకప్పుడు నేనూ అన్నాను. ఇప్పుడు అనలేను. జానెట్ ప్రాణాల మీదికి వచ్చినవేళ ఆ కట్టలను మరొకరి చేతిలో పెట్టింది మొదటి అర్థంలో దాచడానికే. ఆమె వ్రాసిన అక్షరాన్ని రెండవ అర్థంలో దాచే హక్కు తరువాతివారికి లేదని నా నమ్మకం.

మీ ఇళ్ళలో పెట్టెల అడుగున పాత ఉత్తరాలుంటే, చెదలకంటే ముందు మీరు వాటిని తెరవండి.