బొమ్మ నిలబడేదాకా

మిర్యాలగూడలో మనిషి బొమ్మ నేర్చుకునే కుర్రాడు ఎదురుగా నిలబడే మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు. ఏ రైస్ మిల్లు ముందైనా లారీ ఆగిందంటే చాలు, హమాలీలు వరస కడతారు. వీపు మీద బస్తా పడగానే ఒంటి తీరే మారిపోతుంది. మెడ ముందుకు వస్తుంది, నడుం వంగుతుంది, మోకాళ్లు కాస్త మడతపడతాయి, అడుగు అడుగుకీ బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతుంది. తొలిసారి గీసేవాళ్లలో చాలామంది ఒకే తప్పు చేస్తారు. మొహం కుదురుతుంది, బస్తా మడతలూ కుదురుతాయి, మనిషి మాత్రం వెల్లకిలా పడిపోబోతున్నట్టు ఉంటాడు. కారణం వెతికితే తేలిగ్గానే దొరుకుతుంది. మనిషి బరువూ బస్తా బరువూ కలిసి పాదాల మీద పడాలి. వెనక అంత బరువున్నప్పుడు తల పాదాలను దాటి ముందుకు రావాల్సిందే. గీసినవాడు అలవాటు కొద్దీ తలను తిన్నగా పాదాల మీదే పెట్టాడు.

ఆ తప్పు గీసినవాడి కంటికి ఆనదు. రెండు గంటలు అదే కాగితాన్ని చూసి చూసి కన్ను దానికి అలవాటు పడిపోతుంది. పక్కన నిలబడ్డవాడికి మాత్రం క్షణంలో పట్టుబడుతుంది. తెలుగు నేల మీద మనిషి బొమ్మ ఎలా నేర్చుకున్నారో చెప్పాలంటే ఆ పక్కన నిలబడ్డవాళ్ల గురించే చెప్పాలి.

వాళ్లలో అందరికంటే పాతవాళ్ల పేర్లు మనకు దక్కలేదు, పని దక్కింది. సూర్యాపేటకు ఆనుకుని ఉన్న పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు గుళ్లున్నాయి. రేచర్ల రెడ్డి సామంతులు కట్టించినవి. అక్కడి శాసనాల్లో 1195 నాటిది ఒకటి, 1208 నాటిది ఒకటి ఉన్నాయి. అద్దంలా మెరిసే నల్లరాతి స్తంభాల మీద జానెడు ఎత్తు కూడా లేని నర్తకులు, వాద్యకారులు కనిపిస్తారు. అంత చిన్న బొమ్మలోనూ బరువు ఏ కాలి మీద ఉందో, ఏ తుంటి పైకి లేచిందో తెలిసిపోతుంది. శిల్పులకు దీనికో లెక్క ఉండేది. నడినెత్తి నుంచి నేలకు దిగే నిలువు గీతను బ్రహ్మసూత్రం అన్నారు. దేహం ఆ గీతకు ఎంత దగ్గరగా ఉంది, ఎంత పక్కకు జరిగింది అన్నదాన్ని బట్టి సమభంగం, ఆభంగం, త్రిభంగం, అతిభంగం అని విడదీశారు. మొహం పొడవును తాళంగా తీసుకుని మిగతా ఒంటిని దానితో కొలిచారు. ఇప్పుడు అనాటమీ పుస్తకాల్లో మొదటి పాఠంగా వచ్చే తలల కొలత కూడా ఇలాంటిదే.

పిల్లలమర్రి గుడిలో కాకతీయుల నాటి వర్ణచిత్రాల ఆనవాళ్లూ ఉన్నాయి. క్షీరసాగర మథనం ఘట్టం అందులో చెప్పుకోదగ్గది. చిత్రకారుడికి ఆ ఘట్టం గట్టి పరీక్ష. వాసుకి తలవైపు ఒక జట్టు, తోకవైపు ఒక జట్టు, అందరూ వెనక్కి వాలి లాగుతుంటారు. అలా వాలిన దేహం తాడు బిగువు మీదే నిలబడుతుంది. తాడు వదిలేస్తే పడిపోవాలి. అలా పడిపోతాడనిపించేలా గీసినప్పుడే లాగుతున్నాడని చూసేవాడు నమ్ముతాడు. మిల్లు ముందు హమాలీని గీసే కుర్రాడికి ఎదురైన చిక్కే, ఇక్కడ తలకిందులుగా ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి ఉంది. ఆ బౌద్ధ క్షేత్రంలో తవ్వకాల్లో బయటపడ్డ తోరణపు రాతి దూలం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి వచ్చింది. మిర్యాలగూడకు కృష్ణ అవతలి ఒడ్డున నాగార్జునకొండ. అక్కడి లోయ నాగార్జునసాగర్ నీట మునగకముందు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపి ఇక్ష్వాకుల నాటి శిల్పాలను పైకి తెచ్చారు. సున్నపురాతి పలకల మీద గుంపులు గుంపులుగా మనుషులు: వంగినవాళ్లు, కూర్చున్నవాళ్లు, వెనక్కి తిరిగి చూసేవాళ్లు. అంత గుంపును ఒక్కడు చెక్కడు. రాతి మీద గీత గీసేదొకరు, రాయి తొలిచేదొకరు, నునుపు తేల్చేది ఇంకొకరు. ఉలి పడ్డాక దిద్దుబాటు కుదరదు కాబట్టి, దిద్దాల్సిందంతా ఉలికి ముందే దిద్దుకోవాలి.

ఈ పద్ధతి తర్వాతి శతాబ్దాల్లో కుల వృత్తుల్లో, పటాలు వేసే నకాషీల ఇళ్లల్లో బతికింది. కానీ ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి, ఉన్నది ఉన్నట్టు చూసి గీయడమనే చదువు తెలుగువాళ్లకు వేరే దారిన వచ్చింది. ఆ దారి రాజమండ్రి మీదుగా సాగింది.

అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి వచ్చిన దొర. తనూ బొమ్మలు వేసేవాడు. ఇక్కడి అనుభవాలతో 1924లో 'సౌత్ ఇండియన్ అవర్స్' అనే పుస్తకం తెచ్చాడు. ఆయన చేసిన గొప్ప పని మాత్రం కుర్రాళ్ల బొమ్మలను శ్రద్ధగా చూడడం. అడవి బాపిరాజు, వరదా వెంకటరత్నం, దామెర్ల రామారావు ఆయన దగ్గర తయారైనవాళ్లే. 1897 మార్చి 8న పుట్టిన రామారావు చేతిలో ఏముందో కూల్డ్రేకు ముందే తెలిసింది. తను నేర్పగలిగిన మేరకు నేర్పి, తనకు మించిన చదువు కోసం 1916లో అతన్ని బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించాడు. శిష్యుణ్ని తన దగ్గరే కట్టిపడేసుకోని గురువులు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

రామారావు చదువుకున్న రోజుల్లోనే జె.జె. స్కూల్లో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు ఆ బడి ప్లాస్టరు విగ్రహాలను చూసి గీయించడం మీద, అలంకార నమూనాల మీద నడిచేది. బడి అధిపతిగా గ్లాడ్‌స్టన్ సాలమన్ వచ్చాక 1919 ప్రాంతంలో సజీవంగా ఎదుట కూర్చునే మనిషిని గీసే లైఫ్ క్లాస్ మొదలైంది. ప్లాస్టరు బొమ్మ కదలదు, అలిసిపోదు, రేపు వచ్చినా అదే వెలుగులో అలాగే ఉంటుంది. మనిషి పదిహేను నిమిషాలకే భుజం జారవిడుస్తాడు. ఆ జారిన భుజాన్ని పట్టుకోవాలంటే చెయ్యి వేగం పెంచుకోవాలి, కన్ను ముఖ్యమైనదాన్నే ఏరుకోవాలి.

రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రకళా మందిరంలో రంగుల పటాల దగ్గరే ఆగిపోకుండా పెన్సిల్ గీతల దాకా వెళ్లేవాళ్లకు ఆ చదువు కనిపిస్తుంది. నగ్న దేహాల రేఖలు, చేతులు, వీపులు: ఎవరికీ చూపించడానికి కాక తన చేతిని తానే సాధించుకోవడానికి వేసినవి. ఆయన గీత మెత్తగా సాగుతుందని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెత్తదనం వెనక ఎముక ఎక్కడుందో తెలిసిన గట్టిదనం ఉందని ఆ పెన్సిల్ కాగితాలే చెబుతాయి. బొంబాయి నుంచి తిరిగొచ్చాక రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, తనకు దొరికిన చదువును పంచడం మొదలుపెట్టాడు. భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ను తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. వరదా వెంకటరత్నం ఆ బడినీ స్నేహితుడి బొమ్మలనూ కాపాడుకుంటూ వచ్చాడు.

అప్పటికి మిర్యాలగూడ నిజాం రాజ్యంలో ఉంది. ఇక్కడివాళ్లకు బొంబాయి కన్నా, రాజమండ్రి కన్నా హైదరాబాదే దిక్కు. అక్కడ 1940 ప్రాంతంలో ఆర్ట్ స్కూలు వచ్చింది. మానుకోట వైపు పెనుగొండ గ్రామంలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు అందులో చదివి, శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. నందలాల్ నేర్పే తీరు వేరు. జేబులో కార్డులు పెట్టుకుని తిరిగేవారు. దారిలో కనబడ్డ మేక, గడ్డి కోసే మనిషి, వానలో పరుగెత్తే పిల్లాడు ఆ కార్డుల మీదికి ఎక్కేవాళ్లు. దూరాన ఉన్న శిష్యులకు పోస్టు కార్డు మీద బొమ్మ గీసి పంపేవారు. గురువు పక్కన లేకపోయినా గురువు కన్ను తపాలాలో వచ్చేది. శేషగిరిరావు తిరిగి వచ్చి హైదరాబాద్ కళాశాలలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు, కాకతీయ శిల్పాల ముందు కూర్చుని గీశారు. పిల్లలమర్రి స్తంభాల మీది చదువు ఆ విధంగా మళ్లీ కాగితం మీదికి వచ్చింది. ఆ కళాశాల 1972లో జె.ఎన్.టి.యు.లో కలిసింది. 2008 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కింద ఉంది.

హైదరాబాద్ వెళ్లలేనివాళ్ల మాటేమిటి? వాళ్లకు జిల్లా పరిషత్ హైస్కూల్ డ్రాయింగు సారు ఉండేవాడు. సర్కారు పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు ఉండేవి. అవి పాసై, వేసవి శిక్షణ పూర్తి చేస్తే తామూ డ్రాయింగు సారు కావచ్చన్న ఆశతో ఎందరో కట్టారు, ఇప్పటికీ కడుతున్నారు. అందులో మోడల్ డ్రాయింగ్ అంటే మనిషి కాదు. కూజా, పెట్టె, శంకువు లాంటి వస్తువులు. వాటిలో నేర్చుకున్న నీడ, పెర్‌స్పెక్టివ్ ఊరికే పోవు. తొడను స్థూపంగా, ఛాతీని గుడ్డు ఆకారంగా చూడగలిగినవాడే తర్వాత మనిషిని నిలబెడతాడు. కానీ కూజా నుంచి మనిషి దాకా ఉన్న ఆ మధ్య మెట్లు ఎక్కించేవాళ్లు పల్లెల్లో దొరకలేదు. ఆ లోటును 1947లో మొదలైన 'చందమామ' కొంత తీర్చింది. చిత్రా, శంకర్, వపా వేసిన బొమ్మలను చూసి దించని తెలుగు చిత్రకారుడు ఆ తరాల్లో అరుదు. విక్రమార్కుడి భుజాన శవాన్ని వేసిన శంకర్ బొమ్మ కూడా బరువు మోసే మనిషి బొమ్మే. ఎంతమంది పిల్లలు తమకు తెలియకుండానే ఆ పాఠాన్ని దానిలో నేర్చుకున్నారో!

ఆ తర్వాత 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదలడంతో మిర్యాలగూడ దశ మారింది. ఎడమ కాలువ కింద వరి పండింది, మిల్లులు వెలిశాయి, మిల్లుల వెంట అంగళ్లు వచ్చాయి. ప్రతి అంగడికీ బోర్డు కావాలి, ప్రతి మిల్లు గోడకూ పేరు కావాలి, ఎన్నికలొస్తే గోడలన్నిటికీ గుర్తులు కావాలి. పెయింటర్లకు చేతి నిండా పని. పెయింటర్ దుకాణమే ఈ ఊళ్లకు ఆర్ట్ స్కూలైంది. కొత్తగా చేరిన కుర్రాడు మొదట బ్రష్షులు కిరోసిన్లో కడిగేవాడు, తర్వాత బోర్డుకు ప్రైమర్ కొట్టేవాడు, ఆ తర్వాత అక్షరాల మధ్య రంగు నింపేవాడు. మొహం వేయడం చివరి మెట్టు. చిన్న ఫొటో మీద గళ్లు గీసి, బోర్డు మీద అన్నే పెద్ద గళ్లు సుద్దతో గీసి, గడికి గడి ఎత్తిరాసేవాళ్లు. అంతా అయ్యాక మేస్త్రీ రోడ్డుకు అవతలి వైపు వెళ్లి నిలబడి చూసేవాడు. దగ్గర నుంచి చూస్తే కన్ను బాగుంటుంది, ముక్కు బాగుంటుంది, రోడ్డవతల నుంచి చూస్తే మొహం ఒక పక్కకు జారి ఉంటుంది. 'ఎడమ కన్ను దించు' అని అక్కడి నుంచే కేక. కుర్రాడు నిచ్చెన మీదుండి గుడ్డతో తుడిచి మళ్లీ వేసేవాడు. ఎనామిల్ ఆరేలోపు దిద్దుకోవాలి.

2000 తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. రెండు రోజుల పని రెండు గంటలకు దిగింది. గోడ ఎక్కినవాళ్లలో కొందరు కంప్యూటర్ ముందు కూర్చుని అను ఫాంట్లూ ఫొటోషాపూ నేర్చుకున్నారు, కొందరు రంగుల పని వదిలేశారు. ఇక్కడ చాలామంది పనిముట్టునే తప్పు పడతారు, అది న్యాయం కాదు. 1990లో వచ్చిన ఫొటోషాప్ మనిషి బొమ్మను చంపలేదు. కోల్పోయింది రోడ్డవతల నిలబడి కేకేసే మేస్త్రీని. ఫ్లెక్సీ షాపులో ఫొటో కత్తిరించి అతికిస్తారు. అందులో దిద్దడానికి గీత లేదు, కాబట్టి దిద్దేవాడికి పని లేదు.

ఇప్పుడు పెన్ టాబ్లెట్ మీద, ఫోన్ మీద గీసే పిల్లలు మళ్లీ దిద్దేవాడు కావాల్సిన చోటికే వస్తున్నారు. క్రిటా లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దానిలో బొమ్మను అద్దంలోలా తిప్పి చూసే మీట ఉంది. చిత్రకారుడు తన బొమ్మను అద్దంలో చూసుకోవాలని, అప్పుడు తప్పులు బయటపడతాయని లియొనార్డో డావించి ఎప్పుడో రాశాడు. కూల్డ్రే చేసిన పని చేయడానికి లేయర్లున్నాయి. గురువు విద్యార్థి బొమ్మ మీద ఇంకో పొర వేసి, ఎర్ర గీతతో వెన్నెముక వంపు గీసి, తుంటి ఎత్తు మార్చి పంపుతాడు. ఆ పొరను ఒకసారి ఆపి, ఒకసారి తెరిచి చూస్తే తప్పు ఎక్కడుందో కళ్లకు కడుతుంది. అసలు గీత చెరగదు. పోస్టు కార్డు కాలంలో ఇంత సుఖం లేదు.

సాధన విషయంలో మాత్రం ఇప్పుడూ సుఖం లేదు. అమెరికా గురువు కిమన్ నికొలాయిడిస్ పాఠాలు ఆయన పోయాక 1941లో 'ది నేచురల్ వే టు డ్రా'గా వచ్చాయి. ఆకారం అంచులు వెతకకుండా మనిషి ఏం చేస్తున్నాడో దాన్నే నిమిషంలోపు గీయమంటాడు ఆయన. టాబ్లెట్ మీద గీసేవాళ్లు ఇక్కడే తడబడతారు. అన్‌డూ మీట చేతికింద ఉండగా ఒక్క గీతను ఇరవైసార్లు వేసుకుంటూ కూర్చుంటారు, నిమిషం అయిపోతుంది. మంచి గురువులు ఆ మీట ముట్టుకోవద్దంటారు. ముప్పై సెకన్లవి పది, నిమిషానివి పది, ఆ తర్వాతే ఐదు నిమిషాల బొమ్మ. మిల్లు ముందు హమాలీ బస్తాతో లారీ నుంచి గోదాములోకి పోయే సమయమూ ఇంచుమించు ఆ నిమిషమే, మళ్లీ అదే మనిషి ఖాళీ చేతులతో తిరిగొచ్చి అదే భంగిమలో ఇంకో బస్తా ఎత్తుకుంటాడు. పనికి అడ్డం రాకుండా, వాళ్లను అడిగి గీసుకుంటే అంతకు మించిన లైఫ్ క్లాస్ ఈ ఊళ్లో లేదు.

హైదరాబాద్‌లో యానిమేషన్ చదవాలనుకునే పిల్లలు కూడా ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షలో కాగితం మీద, చూడకుండా, జ్ఞాపకం నుంచి బొమ్మ గీయాలి. ఆ హాల్లో ఎదుట మనిషి ఉండడు, ఫొటో ఉండదు, ఫోన్ బయటే పెట్టాలి. మిర్యాలగూడ నుంచో కోదాడ నుంచో వెళ్లినవాడికి అక్కడ అక్కరకొచ్చేది మార్కెట్ యార్డులో చూసి చూసి గీసిన భుజాలు, బస్సు మెట్టెక్కే మోకాళ్లు, వాటిని చూసి ఎవరో ఒకరు 'తల ఇంకా ముందుకు రావాలి' అని దిద్దిన గీతలు.