జ్వరం ఒకటే, ప్రశ్నలు వేరు

మలేరియా చరిత్రను పాఠ్యపుస్తకాలు రెండు ముక్కల్లో తేల్చేస్తాయి: లావెరాన్ పరాన్నజీవిని చూశాడు, రాస్ దోమను పట్టాడు. ఇద్దరూ సైన్యం జీతం తీసుకున్న వైద్యులన్న సంగతి మాత్రం ఏ పరీక్షలోనూ అడగరు. 1880లో లావెరాన్ సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నది అల్జీరియాలోని కాన్‌స్టంటైన్ సైనిక ఆసుపత్రిలో. జ్వరం సామ్రాజ్యాల ఖర్చుపద్దులో చేరాకే దాని మీద పరిశోధన ముమ్మరమైంది.

రాస్ కథలో కీలకఘట్టం మన సికింద్రాబాదుదే. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. దోమల సంగతి చూడమని లండన్ నుంచి వెంటపడి ఉత్తరాలు రాసినవాడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు. 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని పెంపుడు దోమల చేత కుట్టించారు. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. 20వ తేదీన రెక్కల మీద మచ్చలున్న ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవికి గుర్తైన నల్లని రేణువులున్న కణాలు రాస్ కంటపడ్డాయి. ఆ అణాల లెక్క నాకు చిల్లర విషయంగా కనిపించదు. కంటోన్మెంటు ఆసుపత్రిలో పేదరోగి ఒప్పుకోవడానికీ, ఒప్పుకోక తప్పకపోవడానికీ మధ్య ఎంత ఎడం ఉంటుంది?

పరాన్నజీవి దోమ నుంచి మళ్ళీ మనిషికి ఎలా చేరుతుందో తేల్చే పని అక్కడే పూర్తి కావలసింది. కానీ సెప్టెంబరులో బదిలీ ఉత్తర్వు వచ్చి రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు పంపింది. అక్కడ మలేరియా రోగులకే కరువు. 1898లో కలకత్తా చేరాక ప్లేగు భయం ఎదురైంది. టీకా సూదికి హడలిపోయిన జనం, వేలి నుంచి చుక్క రక్తం ఇమ్మన్నా పారిపోయేవారు. మనుషులు దొరక్క ఆయన పిట్టల వైపు తిరిగాడు. పక్షి మలేరియా దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం జూలైలో చూశాడు. ఊరి భయం ప్రయోగం దారినే మళ్ళించింది. అయినా తేలిన నిజం నిజమే. మనిషి మలేరియానూ దోమే మోస్తుందని అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ బృందం నిరూపించింది. ఎవరిది ముందన్న తగాదా మాత్రం ఏళ్లతరబడి సాగింది. 1902 నోబెల్ రాస్ ఒక్కడికే దక్కింది.

దోమ దొరికాక అసలు చిక్కు మొదలైంది. 1908లో పంజాబ్‌ను ఊడ్చేసిన మలేరియా జ్వరాల మీద క్రిస్టొఫర్స్ అనే వైద్యుడు 1911లో నివేదిక ఇచ్చాడు. మరణాలు పెరగడానికి వానలతో పాటు తిండిగింజల ధరలూ కారణమని చూపించాడు. తిండిలేని ఒంటికి అదే జ్వరం ప్రాణాంతకం. ఇంతకన్నా సూటి మాట మలేరియా సాహిత్యంలో అరుదు. కానీ ధాన్యం ధర దించడం కన్నా తపాలా కార్యాలయాల్లో క్వినైన్ పొట్లాలు అమ్మించడం ఏ ప్రభుత్వానికైనా తేలిక. రెండో ప్రపంచయుద్ధం తర్వాత డీడీటీ వచ్చి, ఆకలి ప్రశ్నను మరింత వెనక్కి నెట్టింది.

చివరికి మరో యుద్ధం మరో మందును తెచ్చింది. వియత్నాం అడవుల్లో మలేరియాతో కూలిపోతున్న ఉత్తర వియత్నాం సైనికుల కోసం చైనా 1967 మే 23న రహస్య పథకం మొదలుపెట్టింది. దాని పేరు 523. పాత వైద్యగ్రంథాలు తిరగేసిన తు యూయూ బృందం 1970ల మొదట్లో ఆర్టెమిసినిన్‌ను వెలికితీసింది. వ్యక్తుల ఘనతను చాటుకోవడం నచ్చని రోజులు కాబట్టి, 1977లో దాని నిర్మాణం అచ్చయినప్పుడు శాస్త్రవేత్తల పేర్లు వేయలేదు. సమష్టి బృందం పేరే వేశారు. 2015లో నోబెల్ కమిటీకి మాత్రం ఒక పేరు కావలసివచ్చింది. తు యూయూను ఎంచుకుంది. ఆ ఘనత ఎవరికెంతన్న వాదన చైనాలో అంతకుముందు నుంచే నడుస్తోంది.