ఐడర్ బాతు

ఐడర్ ఉత్తరార్ధగోళపు చలి సముద్రతీరాలలో బతికే పెద్ద బాతు. శాస్త్రీయ నామం సొమాటీరియా మొల్లిస్సిమా. ఉత్తర ఐరోపా, ఉత్తర అమెరికా, తూర్పు సైబీరియా తీరాలలో గుడ్లు పెడుతుంది. బరువు సుమారు 2 కిలోలు. మగదానికి వీపు తెలుపు, పొట్ట నలుపు, మెడ వెనుక లేత ఆకుపచ్చ. పెట్టకు ఒళ్లంతా గోధుమరంగు చారలే. రాళ్ల మధ్య పొదిగేటప్పుడు ఆ రంగే దాన్ని దాచిపెడుతుంది.

చెరువులతో, వాగులతో దీనికి పెద్దగా పని లేదు. లోతు తక్కువైన సముద్రంలో మునిగి, అడుగున రాళ్లను పట్టుకున్న మస్సెల్ ఆల్చిప్పలను పీకి, చిప్పతో సహా మింగేస్తుంది. వాటిని నలగగొట్టే పని కందనకాయది. గూటికి మాత్రం నక్కలు చేరలేని చిన్న దీవులను వెతుక్కుంటుంది.

పెట్ట సాధారణంగా 4 నుంచి 6 గుడ్లు పెట్టి, తన రొమ్ము నుంచి పీకిన నూగును వాటి చుట్టూ పరుస్తుంది. పొదగడం మొదలైన కొద్ది రోజులకే మగది సముద్రం దారి పడుతుంది. పెట్ట దాదాపు 25 రోజులు తిండి మానేసి గూటిని అంటిపెట్టుకుని, బాగా చిక్కిపోతుంది. పిల్లలు గుడ్ల నుంచి బయటికొచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే నీటికి చేరతాయి. అనేక తల్లుల పిల్లలు ఒకే మందగా ఈదుతుంటే, ఆ ఏడు పిల్లలు లేని పెట్టలు కూడా కాపలా కాస్తాయి.

మనుషుల చరిత్రలోకి ఈ పక్షిని తెచ్చింది ఆ నూగే. దాని పోగులు ఒకదానికొకటి చిక్కుకుని గాలిని పట్టి ఉంచుతాయి. అందుకే ఆ నూగుతో చేసిన బొంత ఎంత తేలికో అంత వెచ్చన. ఒక్క కిలో కావాలంటే సుమారు 60 గూళ్ల నూగు పోగెయ్యాలి.

7వ శతాబ్దంలో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని ఫార్న్ దీవిలో ఏకాంతంగా గడిపిన సాధువు కత్‌బర్ట్ ఈ బాతులను కాపాడాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆ ప్రాంతంలో నేటికీ వీటిని ‘కడ్డీ బాతులు’ అంటారు, ఆయన ముద్దుపేరుతోనే. నార్వేలోని వేగా దీవులవాసులు ఐడర్ల కోసం రాళ్లతో, చెక్కలతో చిన్న గూళ్లు కట్టి, పొదిగినన్నాళ్లూ కాపలా ఉండేవారు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లది. 2004లో యునెస్కో ఆ దీవులను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించడానికి ఈ ఆచారమూ ఒక కారణం.

ఐస్‌లాండ్ 1847లో ఐడర్‌కు పూర్తి రక్షణ ఇచ్చింది. ప్రపంచంలోని ఐడర్ నూగులో అధిక భాగం ఇప్పటికీ అక్కడి పొలాల నుంచే వస్తుంది. రైతు నూగు తీసుకుని గూటిలో ఎండుగడ్డి పెడతాడు, నక్కలను, మింక్‌లను తరిమేస్తాడు. చట్టం కన్నా రైతు లాభమే ఈ పక్షికి గట్టి కాపలా అయిందనాలి. అట్లాంటిక్ అవతల కథ వేరు. 18వ శతాబ్దంలో న్యూ ఇంగ్లండ్ ఓడలు లాబ్రడార్ తీరానికి వెళ్లి, ఈకలు రాలి ఎగరలేని బాతులను గుంపులుగా చంపాయి. 1918 నాటి వలస పక్షుల చట్టం వచ్చాక అమెరికాలో ఇవి మెల్లగా కోలుకున్నాయి.

2015లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఐడర్‌ను ముప్పుకు చేరువైన జాతుల జాబితాలో చేర్చింది. బాల్టిక్ తీరంలో తగ్గుదల కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అక్కడ గూటి మీది పెట్టలను ఎత్తుకుపోతున్న తెల్లతోక గద్ద కూడా ఒకప్పుడు అంతరించేదాకా వచ్చి, రక్షణ వల్లనే తిరిగి పెరిగిన పక్షి.